రోజుకొక ఫొటో: వెస్ట్ మాంబళం నుంచి నా అనుభవం

రోజూ ఒక కొత్త ఫొటో తీయాలని నియమం పెట్టుకుని ఏడాది దాటింది. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. చెన్నైలో ఎగ్మూరు స్టేషనుకు దగ్గరలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఇల్లు వెస్ట్ మాంబళంలో. ఈ అభ్యాసం గురించి తెలిసినవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు: ఏ కెమెరా వాడుతున్నావు, రోజూ కొత్తగా తీయడానికి ఏం దొరుకుతుంది. మొదటిదానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. చేతిలో ఉన్న ఫోనే నా కెమెరా. రెండోదానికి జవాబు నాకు తెలియడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. వస్తువులు పాతవే అయినా ఫర్వాలేదని, వాటి మీద పడే వెలుగు ఏ రోజుకారోజు కొత్తగా వస్తుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఈ సంగతి నా కంటికి ఎలా పట్టుబడిందో, అందుకు ఏమేం తోడ్పడ్డాయో వివరంగా రాస్తున్నాను.

నియమాలను ముందే రాసిపెట్టుకున్నాను. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేలోగా తీసినదే ఆ రోజు ఫొటో కావాలి. నిన్న తీసినది బాగుందని ఇవాళ్టి లెక్కలో వేసుకోకూడదు. ఎన్ని తీసినా రాత్రికి ఒక్కదాన్నే ఎంచాలి. ఫోనులో ఉన్న లెన్సుల్లో ప్రధానమైనదాన్నే వాడాలి, జూమ్ చేయకూడదు, దగ్గరగా కావాలంటే నాలుగు అడుగులు ముందుకు నడవాలి. ఎంచిన ఫొటోకు నోటుపుస్తకంలో ఎన్ని గంటలకు తీశానో, వెలుగు ఏ వైపు నుంచి వచ్చిందో, ఆ చిత్రంలో నాకు ఏం కావాలనిపించిందో రెండు మూడు వాక్యాల్లో రాయాలి.

ఇలాంటి అభ్యాసం చేసినవారు నాకు ముందు ఎందరో ఉన్నారు. న్యూయార్కులో జేమీ లివింగ్‌స్టన్ 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న క్యాన్సర్‌తో చనిపోయేదాకా రోజుకొక పోలరాయిడ్ (తీసిన వెంటనే ప్రింటు వచ్చే) ఫొటో తీశారు. జిమ్ బ్రాండెన్‌బర్గ్ అనే ప్రకృతి ఫొటోగ్రాఫర్ ఇంకా కఠినమైన నియమం పెట్టుకుని, 1994లో శరత్కాలపు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి శీతకాలపు ఆయనాంతం (పగలు అన్నిటికంటే చిన్నదయ్యే రోజు) దాకా 90 రోజుల పాటు అమెరికాలోని మిన్నెసోటా అడవుల్లో రోజుకు ఒక్కసారి మాత్రమే షట్టర్ నొక్కారు. బ్రాండెన్‌బర్గ్ నిగ్రహం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా సంసారం, ఉద్యోగం ఉన్న మనిషికి లివింగ్‌స్టన్ దారే సరైనదని నా అభిప్రాయం. ఆయన ఫొటోల్లో ఎక్కువగా ఉండేది స్నేహితులు, భోజనాలు, గదులు, వీధులు. ఆ రోజు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే ఆయన చిత్రం తీసుకున్నారు.

తొలి వారాలు సులువుగానే గడిచాయి. మెరీనాలో సూర్యోదయం, మైలాపూరు కపాలీశ్వరుడి గోపురం, సెంట్రల్ స్టేషన్ ఎర్ర భవనం, రంగనాథన్ వీధిలో పండుగ కొనుగోళ్ల రద్దీ, కాశిమేడు చేపల రేవులో పడవలు దిగే వేళ. అవన్నీ చక్కగానే వచ్చాయి, కాని వాటిని నేను తీయకముందే క్యాలెండర్ల మీదా పత్రికల్లోనూ చూసి ఉన్నాను. ఎక్కడ నిలబడాలో, ఏది మధ్యలో ఉండాలో ఎవరో ముందే నిర్ణయించి పెట్టినట్టు ఉండేది. పైగా ఆ చోట్లకు ఆదివారాలే వెళ్లగలం. మామూలు రోజుల్లో పొద్దున వంట, తరవాత రైలు, సాయంత్రం చీకటి పడ్డాక ఇల్లు. అందుకని వారంలో ఆరు రోజులు మా వీధి, లోకల్ రైలు, ఆఫీసు, మా మేడ దాటి వెళ్లకూడదని హద్దు గీసుకున్నాను. అసలైన అభ్యాసం ఆ హద్దు గీసుకున్నాకే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

రైలు నాకు మొదటి పాఠం చెప్పింది. మాంబళంలో ఎక్కితే కోడంబాక్కం, నుంగంబాక్కం, చేట్‌పట్ దాటి ఎగ్మూరు వస్తుంది. బండి దాదాపు ఉత్తర దిక్కుగా పోతుంది కనుక పొద్దుటి ఎండ కుడివైపు కిటికీల నుంచి పడుతుంది. ఎక్కగానే ఎడమవైపు కూర్చుంటే ఎదుటివాళ్ల వెనక నుంచి వెలుగు వస్తుంది, కుడివైపు కూర్చుంటే మన వెనక నుంచి వచ్చి వాళ్ల ఒడిలో ఉన్న టిఫిన్ సంచుల మీద, మోకాళ్ల మీద కిటికీ కమ్మీల నీడలు గీస్తుంది. లేడీస్ పెట్టెలో ముఖాలు తీయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. చేతులు, సంచులు, పూలు, నీడలు తీయడానికే ఎంతో ఉంది. ఏ వైపు కూర్చోవాలో నిర్ణయించుకుంటే ఆ రోజు ఫొటో సగం తీసినట్టే.

ఇక మా వీధి. అది దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది. మాది ఉత్తరపు వరుస. మా బాల్కనీలో నిలబడితే ఎదుటి వరుసలో ఒక పాత ఇంటి గోడ కనిపిస్తుంది, అది ఉత్తరానికి ముఖం పెట్టి ఉంటుంది. ఆ గోడకు కిటికీ లేదు, సన్‌షేడ్ లేదు. పాత సున్నం గచ్చు, దాని మీద ఎన్నో పొరల వెల్ల. నేను అభ్యాసం మొదలుపెట్టింది జనవరిలో. అప్పుడు ఆ గోడ రోజంతా నీడలోనే ఉండేది. తీయడానికి అందులో ఏమీ లేదనుకున్నాను.

మార్చి చివరి వారంలో పొద్దున టీ తాగుతుంటే గోడ తూర్పు కొసన సన్నటి పసుపు చార కనిపించింది. రోజులు గడిచేకొద్దీ ఆ చార వెడల్పయింది, ఎక్కువ సేపు నిలిచింది. ఏప్రిల్ నెలాఖరుకు మధ్యాహ్నం కూడా గోడ మీద ఎండ పడసాగింది. కారణం లెక్కతో తేలేదే. చెన్నై సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు కర్కటరేఖ దాకా వెళ్లి తిరిగి వస్తాడు కనుక ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ కాసేపు నీడ ఉండదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో ఉంటాడు. జూన్ 21న నడినెత్తికి సుమారు 10 డిగ్రీలు ఉత్తరంగా ఉండేవాడు డిసెంబరు 21 నాటికి 36 డిగ్రీలకు పైగా దక్షిణానికి దిగిపోతాడు. చిన్నప్పుడు బడిలో చదువుకున్న సంగతులే ఇవన్నీ. కాని ఒక గోడను రోజూ చూస్తే తప్ప అవి నాకు నిజం కాలేదు.

జూన్‌లో ఒక సెలవునాటి మధ్యాహ్నం ఆ గోడ నాకు ఇచ్చిన చిత్రాన్ని మరచిపోలేను. సూర్యుడు దాదాపు తల మీదే ఉండి కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉన్నాడు కనుక ఎండ గోడను పైనుంచి కిందికి ఒరుసుకుంటూ దిగుతోంది. అలాంటి వెలుగులో గోరంత ఎత్తు ఉన్నదానికి కూడా నీడ పడుతుంది. తాపీ లాగిన వంపులు, పెచ్చులూడిన అంచులు, సున్నపు బుడిపెలు అన్నీ ఒక్కసారి లేచి నిలిచాయి. వాటి నడుమ వరుసగా కొన్ని ఆకారాలు కనిపించాయి. రోడ్డు దాటి వెళ్లి చూస్తే తమిళ అక్షరాలు. ఎప్పుడో ఆ గోడ మీద టైపురైటింగు నేర్పే బడి ప్రకటన రాయించారు. తరవాత దాని మీద ఎన్నిసార్లు వెల్ల వేసినా, రంగు మందం అక్షరాల ఆకారంలో కింద అలాగే ఉండిపోయింది. నీడలో ఉన్నప్పుడు, మబ్బు పట్టినప్పుడు, ఎండ ఎదురుగా పడ్డప్పుడు అది కనిపించదు. ఆ మధ్యాహ్నపు అరగంట సేపు మాత్రం చదవగలిగాను. ఫోను తెరను నొక్కి పట్టి వెలుగు కొలతను బిగించి, కొంచెం చీకటి చేసి తీశాను. దాని మానాన దాన్ని వదిలేస్తే ఫోను నీడలన్నిటినీ తేల్చేసి గోడను మళ్లీ చదును చేస్తుంది. ఆధునిక ఫోనులు నీడను లోపంగా చూస్తాయి. ఈ అభ్యాసంలో నేను చేసిన పనిలో పెద్ద భాగం ఆ దిద్దుబాటును ఆపడమే.

ఈ గోడను చూశాక ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి బౌద్ధస్తూపపు శిల్ప ఫలకాలు నాకు వేరుగా కనిపించాయి. ఆఫీసుకు దగ్గరే కనుక పాంథియన్ రోడ్డులోని ఆ మ్యూజియానికి వీలు చిక్కినప్పుడు వెళ్తుంటాను. కెమెరాకు వేరే టికెట్టు తీసుకోవాలి. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన ఆ శిల్పాలు చాలాచోట్ల లోతు తక్కువగా ఉంటాయి, బొమ్మ అంతా కొద్ది మందంలోనే ముగుస్తుంది. ఎదురుగా దీపం పెడితే గుంపులోని మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోతారు, పక్క నుంచి వెలుగు వస్తే ఒక్కొక్కరూ విడివిడిగా నిలబడతారు. ఫొటోగ్రఫీ చరిత్రలో మన ఊరి ఫలకాలకు పెద్ద స్థానమే ఉంది. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మద్రాసుకు చేర్పించిన ఫలకాలను, వాటిలో చాలా భాగం ఓడ ఎక్కి లండనుకు తరలిపోకముందే, 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశారు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1856లో తన ఫొటోగ్రాఫరుగా నియమించుకున్న సైనికాధికారి ఆయన. మద్రాస్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కూడా 1850లలోనే ఏర్పడింది. అంటే ఈ పట్నంలో వెలుగును ఇలా శ్రద్ధగా కనిపెట్టి చూడడం మొదలై నూటయాభై ఏళ్లు దాటింది. ట్రైప్ చిత్రాల ప్రతులను చూసినప్పుడు రాతి మీద నీడ ఏ వైపుకు పడిందో మొదట వెతుకుతాను. ఆ తరవాతే బొమ్మలోకి వెళ్తాను.

మనుషుల దగ్గరకు వెళ్లడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. ఆ బండి ఆయన చిత్తూరు వైపు మనిషి, నేను అన్నా అని పిలుస్తాను. పొద్దున ఏడు ప్రాంతంలో బొగ్గులు రాజేసి, ఇస్త్రీపెట్టె మూత తెరిచి విసనకర్రతో విసురుతాడు; బూడిద లేస్తుంది, తరవాత తడి చల్లిన బట్ట మీద పెట్టె ఆనించగానే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిని తీయాలని నాకు పట్టుదల. మొదట్లో ఫొటోలో ఆవిరి కనిపించేదే కాదు. పొగ, ఆవిరి, దుమ్ము ఫొటోలో పడాలంటే వెలుగు వాటి వెనక నుంచో పక్క నుంచో రావాలి, వాటికి అవతల ముదురు రంగు ఏదైనా ఉండాలి. అంటే నేను బండికి పడమరగా నిలబడి తూర్పుకు చూడాలి, ఆవిరి లేచే చోటికి సరిగ్గా వెనక వేపమాను మొదలు రావాలి. అలా నిలబడడానికి ఎదుటి ఇంటి మెట్టు ఒక్కటే చోటు. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరగడం వల్ల మూలమీది ఇంటి నీళ్ల ట్యాంకు అడ్డం వచ్చి, ఎండ బండి మీదికి ఆలస్యంగా చేరేది. పైగా చెన్నైలో జూన్ మొదట్లో సుమారు 5.40కే పొడిచే పొద్దు జనవరి చివరికి 6.35 దాకా రాదు. నేను ఆఫీసుకు బయలుదేరే వేళా, ఎండ వేపచెట్టు కిందికి చేరే వేళా, ఆయన మొదటి చొక్కా తీసుకునే వేళా కలిసిన రోజులు కొన్నే.

నేను రోజూ అదే మెట్టు మీద నిలబడడం చూసి ఒకనాడు ఆయనే అడిగాడు. “ఏంది మా, దినామూ ఈ బండినే చూస్తా ఉండావు?”

ఆవిరి తీయాలని ఉందన్నా అని చెప్పాను. ఆయన నవ్వలేదు, కొంచెంసేపు ఆలోచించాడు. “ఆవిరి అయితే తీసుకో మా. బట్టలు మాత్రం తెలిసేటట్టు తీయొద్దు. ఫలానా వాళ్ల చీరని ఎవురైనా కనిపెడితే నాకు బాగుండదు” అన్నాడు.

ఆ మాటను నేను చాలా గౌరవించాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. ఇతరుల బట్టలు ఆయన చేతిలో ఉన్న నమ్మకం, ఆ నమ్మకాన్ని నా ఫొటో బయట పెట్టకూడదు. ఆ షరతు వల్ల చిత్రం కూడా బాగుపడింది. బట్ట వివరం కనిపించకుండా వెలుగు కొలతను తగ్గించవలసి వచ్చింది, దానితో మిగిలినదంతా ముదురు నీడలోకి వెళ్లి ఆవిరీ, ఆయన ముంజేయీ, పెట్టె పిడీ మాత్రం నిలిచాయి. ఆ ఫొటోను వీధి చివరి స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చాను. ఆయన భార్య దాన్ని ఊళ్లో ఉన్న కొడుక్కు పంపిందని తరవాత తెలిసింది.

ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ నేర్పినది మాత్రం మా అత్తయ్య కన్ను. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. మొదట కుడి కంటికి ఆపరేషన్ చేసి లెన్సు వేశారు, ఎడమ కంటికి కొన్ని వారాలు ఆగమన్నారు. కట్టు విప్పి ఇంటికి వచ్చిన మర్నాడు ఆమె హాల్లో కూర్చుని గోడను చాలాసేపు చూసింది. “ఏమ్మాయ్, దీనికి ఎప్పుడు సున్నం కొట్టించారు?” అని అడిగింది. ఎవరూ కొట్టించలేదు. ఆమె ఒక కన్ను మూసి, మళ్లీ రెండోది మూసి చూసుకుని, “ఈ కంటికి పాలు, ఆ కంటికి టీ” అంది.

వయసు పైబడేకొద్దీ కంటిలోని సహజమైన లెన్సు పసుపు బారుతుంది, శుక్లం ముదిరితే ఇంకా బారుతుంది. నీలపు వెలుగును అది లోపలికి సరిగా పోనివ్వదు. మార్పు ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కనుక మనసు సర్దుకుంటూ పోతుంది, పసుపు గోడను తెల్లగోడగానే చదువుకుంటుంది. ఆపరేషన్‌తో ఆ లెన్సు పోయి స్వచ్ఛమైనది రాగానే తేడా ఒక్కసారి తెలుస్తుంది. మనసు చేసే ఆ సర్దుబాటు పనినే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ చేస్తుంది. బల్బు కింద, ట్యూబులైటు కింద, చెట్టు నీడలో, మబ్బు కింద వెలుగు రంగు వేరువేరుగా ఉన్నా, తెల్లకాగితం అన్నిచోట్లా తెల్లగా కనబడేటట్టు ఫోను తనంతట తాను లెక్క సరిచేస్తుంది. దీన్ని నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను, కాని నా పక్కన కూర్చున్న మనిషి రెండు కళ్లలో రెండు వైట్ బ్యాలెన్సులు ఉండడం చూసేదాకా అది మాటగానే ఉండిపోయింది.

ఫోను, తెర చూడవచ్చని డాక్టరు చెప్పిన తరవాత ఆమెను ఒక పని అడిగాను. హాలు గోడను ఒకే చోటి నుంచి, ఒకే వేళకు, వైట్ బ్యాలెన్స్ అంకెను చేత్తో మార్చుకుంటూ వరుసగా ఫొటోలు తీశాను. మొదటిది నీలం ఛాయలో ఉంటే చివరిది ముదురు పసుపు. ఫొటోలన్నిటినీ ఆమె కొత్త కంటితోనే చూడాలి. గోడను మాత్రం ఒకసారి కొత్త కంటితో, ఒకసారి పాత కంటితో చూసి, ఏ కంటి గోడ ఏ ఫొటోకు దగ్గరగా ఉందో చెప్పాలి. ఫొటోను కూడా పాత కంటితో చూస్తే దాని పసుపు ఫొటో మీద కూడా చేరిపోతుంది, పోలిక నిలవదు. అత్తయ్య ఈ పని ఎంతో ఓపికగా చేసింది. అరచేత్తో ఒక కన్ను మూసుకుని గోడను చూసి, చెయ్యి మార్చి ఫోను చూసి, మళ్లీ గోడకు తిరిగి, చివరికి రెండు ఫొటోలు తేల్చింది. కొత్త కంటికి ఆమె ఎంచినది నాకు తెల్లగా కనిపించే ఫొటోయే. పాత కంటికి ఎంచినది మాత్రం నేను ఊహించినదానికంటే ఎంతో పసుపుగా ఉంది. ఆ గోడ ముందు కూర్చుని ఇన్నేళ్లు ఆమె కూరలు తరిగింది, టీవీ చూసింది, మాతో మాట్లాడింది. ఈ ఇంటి రంగులు ఆమెకు ఇలా ఉన్నాయని మాలో ఎవరికీ తెలియదు.

ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ఒకటిగా చేసినదే ఆ రోజు చిత్రం. అందులో గోడ తప్ప ఇంకేమీ లేదు. ఏడాది పొడవునా నేను తీసినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది అదే. ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక అత్తయ్యకు తన పట్టుచీరల రంగులన్నీ కొత్తగా ఉన్నాయి. ఆకుపచ్చ అనుకుంటూ కట్టిన చీర ఒకటి నీలానికి దగ్గరగా ఉందని బీరువా ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆ సాయంత్రం చీరలను కిటికీ దగ్గర పరిచి, ఆమె పేరు పెట్టి చెప్పిన రంగును నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను.

రాత్రి ఎంపిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అభ్యాసంలో కష్టమైన భాగం అదే. తీయడం రోజంతా అక్కడక్కడ దొరికే నిమిషాల్లో జరిగిపోతుంది. ఎంచడానికి మాత్రం వంటగది సర్దిన తరవాత కూర్చుని మనసు పెట్టాలి. నేను ఎంచనివాటిని చెరిపేయను, నెల పేరుతో ఒక ఫోల్డరులో పడేసి ఆ నెల ముగిసేదాకా మళ్లీ చూడను. వెంటనే చెరిపేవారికి తమ కన్ను ఎలా మారుతోందో తెలుసుకునే ఆధారం పోతుందని నా గట్టి నమ్మకం. జనవరిలో ఎంచనివాటిని జులైలో తెరిస్తే, అప్పుడు నాకు ముఖ్యం కానిది ఇప్పుడు ఎందుకు ముఖ్యమైందో అక్కడే కనిపిస్తుంది. నోటుపుస్తకంలోని వాక్యాలు కూడా అలాగే మారాయి. మొదట్లో “మైలాపూరు గోపురం, బాగా వచ్చింది” వంటివే ఎక్కువ. తరవాతి నెలల్లో ఇలా ఉన్నాయి: “సా. 5.50. మేడ మీద తాడుకు తువ్వాలు, వెలుగు పడమటి నుంచి. వెనక నీళ్ల ట్యాంకు నల్లగా ఉండబట్టే తువ్వాలు నిలిచింది.” “ఉ. 6.10. ముగ్గు. తడి నేల నలుపు చూసి ఫోను వెలుగు పెంచేసింది, పిండి గీతలు కరిగిపోయాయి. తగ్గించాక ఒక్కో గీతకూ అంచు వచ్చింది.” “మ. 1.15. ఆఫీసు మెట్లు. ఎండ నేరుగా లేదు, ఎదుటి పసుపు భవనం నుంచి తిరిగి వస్తోంది. అందుకే అందరి ముఖాలూ వెచ్చగా ఉన్నాయి.”

ప్రతిరోజూ ఒక పదమో రంగో ఇచ్చి దాన్ని తీయమనే జాబితాలు చాలామంది వాడతారు. నేనూ ఒక నెల వాడాను. మొదలుపెట్టడానికి అవి ఉపయోగపడతాయి, కాని ఎర్రటి వస్తువు కోసం వెతికే రోజున ఎర్రనివి తప్ప ఏవీ కంటపడవు, పక్కన పడే మంచి వెలుగు దాటిపోతుంది. పండుగ రోజులు కూడా అంత సులువు కావు. ఆయుధపూజ నాడు గుమ్మడికాయ పగలగొట్టే దృశ్యం అందరి మనసులోనూ ముందే ఉంది. మర్నాడు పొద్దున రోడ్డు మీద కుంకుమ పూసిన ముక్కలను కార్పొరేషన్ వాళ్లు ఊడ్చే వేళ, ఏటవాలు ఎండలో ఆ ఎరుపు తారు మీద పరుచుకుని ఉంటుంది. దానికి నమూనా ఎవరూ ఇచ్చి పెట్టలేదు, మనమే చూసుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు ఎండ వైపులన్నీ చెరిగిపోయి ఆకాశమంతా ఒకే మెత్తని దీపమవుతుంది. ముఖాలు తీయడానికి, తడిసిన ఆకుల రంగుకు అంతకంటే మంచి వెలుగు లేదు. ఒక చిన్న సంగతి కొత్తవారికి పనికొస్తుంది: ఏసీ గదిలోంచి చెన్నై గాలిలోకి రాగానే చల్లబడిన లెన్సు మీద తేమ పేరుకుని ఫొటో పొగమంచులా వస్తుంది. తుడిచినా మళ్లీ పేరుకుంటుంది. ఫోనును చేతిలో కాసేపు ఉంచుకుని వేడెక్కనివ్వాలి. నేను ఆఫీసు దిగే ముందే దాన్ని చేతిసంచి పై అరలో, గుడ్డలో చుట్టి పెట్టుకుంటాను.

ఈ ఏడాది నియమాల్లో ఒకటి మార్చాను. మధ్యాహ్నం 12 నుంచి 1 లోపల తీసినదే ఆ రోజు ఫొటో. నడినెత్తి ఎండ ఫొటోకు పనికిరాదని, పొద్దునా సాయంత్రమూ తీయాలని అందరూ చెబుతారు. ముఖాలకు అది నిజమే, కళ్ల గుంతల్లో నీడ నిలుస్తుంది. కాని చెన్నైలో మనుషులు ఎక్కువగా పనిచేసేది ఆ ఎండలోనే, నేనేమో ఇంతకాలం ఆ గంటను వదిలేసి వచ్చాను. ఆఫీసు భోజన విరామం 12.30కి. అన్నం తినడానికి పోను మిగిలిన కొద్ది నిమిషాల్లో ఎగ్మూరు స్టేషను ముందు బరువులు దింపే చోటికి వెళ్తున్నాను. అక్కడ తెల్లటి సిమెంటు నేల మీద పడ్డ ఎండ తిరిగి పైకి లేచి, తలపాగా కింద ఉన్న ముఖాన్ని కిందినుంచి వెలిగిస్తుందని ఈ నెలలోనే గమనించాను. కూలీల పెద్ద అనుమతి ఇచ్చాడు. నేల ఏ రంగులో ఉంటే ముఖం ఏ రంగులో వస్తుందో ఇప్పుడు వరుసగా రాసుకుంటున్నాను. సిమెంటు, ఎర్ర ఇటుక అయిపోయాయి, తారు మిగిలింది.